తప్పటడుగు తప్పు కాదు

నడక నేర్చుకొను పసిబిడ్డ వేయు అడుగులకు తెలుగువారు ‘తప్పటడుగులు’ అని పేరు పెట్టినారు. ఆ పదమును పలుకునపుడు తప్పు అను మాట వినబడుచునే యుండును. కాని పలుకువారి గొంతులో నింద యుండదు. బిడ్డ రెండడుగులు వేసి చతికిలబడినచో ఇంటిల్లిపాదియు చప్పట్లు చరచుదురు. అడుగులకు అరిసెలు వండి ఇరుగుపొరుగులకు పంచిపెట్టుట తెలుగు ఇండ్లలో ఆచారము. పడుటకు పండుగ చేయు ఈ ఔదార్యము మనుష్యునకు జీవితములో ఒక్కమారే లభించును. ఆ బిడ్డయే పెరిగి పెద్దవాడై, పదిమందిలో నిలిచి క్రొత్త విద్య నొకదానిని ఆరంభించినపుడు అడుగు తడబడినచో అరిసెలు లేవు; అపహాస్యమున్నది. అపహాస్యము లేనిచోట దానిని గూర్చిన భయమైనను ఉన్నది.

ఈ భయమును కన్నులార చూడగోరువారు సాల్సా నృత్యము నేర్పు శాలలో తొలినాటి తరగతిని చూడవలెను. అక్కడ చేరువారిలో చాలమంది వయసు వచ్చినవారు. తమ తమ వృత్తులలో నలుగురి మెప్పు పొందినవారు. అట్టివారు ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కించుచు, కదల్చవలసినది ఎడమ కాలో కుడి కాలో తెలియక నిలిచిపోవుదురు. లెక్క తప్పిన బాలుడు పలకను చేతితో కప్పుకొనవచ్చును; కాలిని కప్పుకొనుటకు వీలులేదు. కావుననే ఆ తరగతి నృత్యము నేర్వగోరువారికే గాక, బడిలో పాఠము చెప్పువారికిని, పాఠము వినువారికిని పనికివచ్చు విషయము నొకదానిని బోధించుచున్నది.

సాల్సా అతి ప్రాచీనమైన కళ కాదు. నిన్న మొన్న పుట్టినదియు కాదు. క్యూబా దీవి తూర్పు ప్రాంతమున, స్పెయిను దేశపు తంత్రీవాద్యములును, బానిసలుగా తేబడిన ఆఫ్రికావారి తాళములును కలిసి ‘సోన్’ అను గానరీతి ఏర్పడినది. అది ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో రాజధానియైన హవానాకు చేరినది. 1940 దశకములో ఆర్సేనియో రోద్రిగెజ్ అను అంధ వాద్యకారుడు ఆ మేళమునకు కాంగా మద్దెలను, పియానోను, మరికొన్ని బాకాలను చేర్చి దాని ధ్వనిని విస్తరింపజేసినాడు. అదే కాలమున న్యూయార్కులోని క్యూబా, ప్యూర్టోరికో వాద్యకారులు ఆ సంగీతమును జాజ్‌తో మేళవించినారు. 1950 దశకమున ఆ నగరపు పల్లేడియం నృత్యశాలలో మచీటో, టిటో ప్యూంటే, టిటో రోద్రిగెజ్‌ల మేళములకు జనులు తండోపతండములుగా వచ్చి ఆడినారు. 1964లో జానీ పచేకో అను వాద్యకారుడును, జెర్రీ మసూచి అను న్యాయవాదియు కలిసి ఫానియా రికార్డుల సంస్థను స్థాపించినారు. 1970 దశకములో ఈ సంగీతమునకు సాల్సా అను పేరు లోకమున వ్యాపించినది. స్పానిషు భాషలో ఆ మాటకు భోజనమునకు రుచి కూర్చు రసమని అర్థము. పాత క్యూబా సంగీతమునకే ఇది క్రొత్త పేరని సణిగిన విద్వాంసులును లేకపోలేదు.

ఈ చరిత్రను చూపి, ‘అది వారి రక్తములో నున్నది, ఇతరులకు పట్టుబడదు’ అనువారు కలరు. ఈ మాట ప్రశంసవలె వినిపించును గాని, నిజమునకు ఇది నేర్చినవారి శ్రమను కాదనుట. నేర్వవలసినవారికి తప్పించుకొను దారి చూపుట. పల్లేడియంలో ఆడినవారిలో ప్యూర్టోరికోవారితో పాటు ఇటలీ సంతతివారు, యూదులు, నల్లజాతివారు ఉండిరి. వారి రక్తము ఒక్కటి కాదు. వారు విన్న మద్దెల ఒక్కటి. దీవులలోని పిల్లలు ఇంటిలోను, వీధిలోను పెద్దలను చూచి చూచి, లెక్కలేనన్ని తప్పటడుగులు వేసి నేర్చుకొందురు. ఆ తప్పటడుగులను చూడనివారు, తుదకు కనబడిన నేర్పును పుట్టుక అని పిలుతురు. న్యూయార్కులో ప్యూర్టోరికో కుటుంబమున పుట్టిన ఎడ్డీ టారెస్ నృత్యశాలలలో ఆడువారిని చూచియే నేర్చి పేరు తెచ్చుకొన్నవాడు. అయినను, తాను ఏ మాత్రపై ఏ కాలు మోపుచున్నాడో లెక్కగట్టి చెప్పు శాస్త్రమును అతడు బాల్‌రూము నృత్యోపాధ్యాయినియైన జూన్ లబెర్టా సహాయముతో వేరుగా నేర్చుకొనవలసి వచ్చినది. వచ్చుట వేరు, నేర్పుట వేరు అని గ్రహించినవాడు గనుకనే అతని పద్ధతి దేశదేశములకు వ్యాపించినది.

తొలి పాఠము చాల చిన్నది. సాల్సా 8 మాత్రల వరుసలుగా నడచును. అందు 6 మాత్రలకు అడుగులు, 2 మాత్రలకు విరామము. జంటలో నడిపించువారు ఒకటి అన్నపుడు ఎడమ కాలు ముందుకు వేయుదురు, రెండు అన్నపుడు ఉన్నచోటనే కుడి కాలిపై బరువు మోపుదురు, మూడు అన్నపుడు ఎడమ కాలిని మొదటి చోటికి తెత్తురు, నాలుగున ఆగుదురు. ఐదున కుడి కాలు వెనుకకు, ఆరున ఉన్నచోటనే ఎడమ కాలిపై బరువు, ఏడున కుడి కాలు మొదటి చోటికి, ఎనిమిదిన విరామము. అనుసరించువారి అడుగులు దీనికి అద్దములోని ప్రతిబింబమువంటివి. వారు ఒకటిన కుడి కాలు వెనుకకు వేసి ఆరంభింతురు. ఇంతకుమించి తొలినాడు నేర్వవలసినది లేదు. బుద్ధికి ఇది అరగంటలో తెలియును. కాలికి తెలియుటకు వారములు పట్టును.

అడుగు తన పాదము పొడవును మించరాదు. పెద్ద అడుగు వేసినవాడు తరువాతి మాత్రకు తిరిగి రాలేడు. మోకాళ్ళు బిగియక సడలి యుండవలెను. ఆరితేరినవారి నడుము ఊగుట చూచి క్రొత్తవారు తమ నడుమును బలవంతముగా ఊపబోవుదురు. అది ఊపవలసినది కాదు. శరీరపు బరువు ఒక కాలినుండి మరియొక కాలికి పూర్తిగా మారినపుడు తనంతట తానే ఊగును. చూపు తన పాదములపై గాక ఎదుటివారి భుజముపై నుండవలెను. చెప్పు అట్ట నునుపైనదిగా ఉండుట మేలు. నేలను పట్టుకొను రబ్బరు అట్ట, తిరుగునపుడు మోకాలిని మెలిపెట్టును. దినమునకు 10 నిమిషములు, పైకి లెక్కించుచు, ఒంటరిగా సాధన చేసినవాడు వారమున కొకనాడు 2 గంటలు చెమటోడ్చినవానిని మించిపోవును.

ఇందు క్రొత్తవారికి అడుగుకంటె కష్టమైనది విరామము. నాలుగవ మాత్ర వచ్చునప్పటికి కాలు ఊరకుండదు. ఏదో చేయవలెనని తొందరపడి ఐదవ మాత్రను ముందే త్రొక్కును. అంతటితో లయ చెడును. తెలుగువారికి ఈ సూక్ష్మము క్రొత్త కాదు. 8 అక్షరముల ఆది తాళములో చివరనున్న రెండు ద్రుతములలోను ఒక్కొక్క దెబ్బ తరువాత చేతిని విసర్జించుట కలదు. ఆ విసర్జితమునకు చప్పుడు లేదు. కాని అది తాళములో భాగమే. దానిని వదలినవాడు తాళమునే వదలినవాడగును. విద్యలో విరామము వృథాకాలము కాదు. నేర్చినది నిలద్రొక్కుకొను కాలము. ప్రశ్న అడిగిన వెంటనే ‘ఊఁ, చెప్పు!’ అని గద్దించు ఉపాధ్యాయుడు నాలుగవ మాత్రను మ్రింగివేయుచున్నాడు.

అడుగుతో పాటు చెవికిని శిక్షణ కావలెను. సోన్‌నుండి సాల్సాకు సంక్రమించిన క్లావే అనునది రెండు కర్రలను తాకించి వాయించు 5 దెబ్బల వరుస. 8 మాత్రల కాలములో ఒక సగమున 3 దెబ్బలు, మరియొక సగమున 2 దెబ్బలు పడును. స్పానిషులో ఆ మాటకు కీలకము, సంకేతము అని అర్థము. విచిత్రమేమనగా, చాల పాటలలో ఆ కర్రలను ఎవ్వరును వాయించరు; అయినను పియానో, మద్దెల, బాకా వాయించువారందరును దానిని మనసులో నుంచుకొనియే వాయింతురు. క్రొత్తగా నేర్చువాడు ఆడుటకు ముందు కొన్నాళ్ళు కూర్చుండి విని, చేతితో తట్టుచు ఆ వరుసను పట్టుకొనగలిగినచో, సంగీతము తరుముచున్నదను భీతి పోవును. అట్లు చేయక, పాట మరీ వేగముగా నున్నదని నిందించుట ఆడలేక మద్దెల ఓడన్నట్లే యగును.

తొందరకు మరియొక రూపము కలదు. కొలంబియా దేశములోని కాలి నగరమున ఆడువారి పాదవేగము లోకప్రసిద్ధము. అక్కడివారు నిమిషమునకు 33 చుట్లు తిరుగవలసిన రికార్డులను 45 చుట్ల వేగముతో తిప్పి ఆడుటకు అలవాటుపడినారు. ఆ వేగమును చూచిన క్రొత్తవాడు రెండవ వారముననే గిరికీలు కొట్టబోవును. వినాయకుని చేయబోగా కోతి యగును. ముందడుగు ఒకటవ మాత్రపై వేయవలెనా, ఎడ్డీ టారెస్ పద్ధతిని బట్టి రెండవ మాత్రపై మార్పు చేయవలెనా అని ఆరితేరినవారు వాదించుకొందురు. రెండును మంచి దారులే. క్రొత్తవాడు తన గురువు చెప్పినదానిని పట్టుకొని కొన్నాళ్ళు నిలుచుట శ్రేయస్కరము. వాదము వచ్చినంత త్వరగా నడక రాదు.

స్త్రీ పురుషులు చేతులు పట్టుకొని ఆడు పరదేశ నృత్యము ఇక్కడివారి కెందుకని అడుగువారు ఉండవచ్చును. అందరును సాల్సా ఆడవలెనని ఎవ్వరును శాసించుట లేదు. ఇష్టములేనివారు ఆ చేయి అందుకొననక్కరలేదు; ఆ నిరాకరణను మన్నించుట కూడ అక్కడి మర్యాదలో భాగమే. కాని ఆ జంటలో ఒక నీతి కలదు. నడిపించువాడు లాగరాదు, వ్రేళ్ళను తేలికగా ఆనించి సూచన మాత్రమే చేయవలెను. అనుసరించువారు ఊహించి ముందుకు పోరాదు; సూచనకై వేచియుండవలెను. నేడు స్త్రీలును నడిపింతురు, పురుషులును అనుసరింతురు. 1950 దశకమున హవానాలో రూపుదిద్దుకొన్న ‘కసీనో’ అను రీతిలో జంటలు వలయముగా నిలిచి, ఒకరు పిలుపు నిచ్చినంతనే అందరును ఒక్కమారుగా జతలు మార్చుకొందురు. కోలాటమును చూచినవారికి ఈ దృశ్యము పరాయిదిగా తోచదు. అట్టి వలయములో తెలిసినవాని ప్రక్కన తెలియనివాడు నిలుచును. ఒకనికి తప్పినచో ప్రక్కవాడు చేయి చూపి చేర్చుకొనును. ఆటస్థలమున తోటివారి తప్పులను ఎంచుచు పాఠము చెప్పబూనుట అక్కడ అమర్యాద.

బడిలో మాత్రము ఈ మర్యాద ఏల లోపించినది? ఉపాధ్యాయుడు తన పాఠ్యవిషయమును నేర్చి ఇరువది, ముప్పది యేండ్లు అయియుండును. భిన్నములు తనకు ఒకప్పుడు భయము గొల్పిన సంగతిని అతడు మరచినాడు. తెలిసినవానికి తెలియనితనము గుర్తుండదు. విద్యలో ఇదే పెద్ద ప్రమాదము. బోర్డువద్ద సుద్దముక్క పట్టుకొని వణకు బాలుని చూచి ‘ఇంత చిన్న విషయము రాదా?’ అని అతడు అనును. తరగతి యంతయు నవ్వును. ఆ నవ్వు ఒక్క నిమిషములో ఆగిపోవును. కాని ఆ బాలుడు మరల చేయి ఎత్తుటకు ఏండ్లు పట్టవచ్చును, ఎన్నటికిని ఎత్తకపోవచ్చును. ఒక్క సాయంకాలము సాల్సా తరగతిలో ఎడమ కాలేదో తెలియక నిలిచిన ఉపాధ్యాయుడు మరునాడు ఆ మాట అనుటకు వెనుదీయును. సాల్సాయే కానక్కరలేదు, వీణ కావచ్చును, ఈత కావచ్చును, ఎరుగని భాష కావచ్చును. ఉపాధ్యాయుడు ఎల్లప్పుడును ఏదో ఒక విద్యలో ఓనమాల విద్యార్థిగా ఉండుట, అతడు పొందగల శిక్షణలన్నిటిలో మేలైనది.

తప్పును తప్పనకపోయినచో విద్య యెట్లు వచ్చునని కొందరు ఆక్షేపింపవచ్చును. అది ఉచితమైన ప్రశ్న. మంచి నృత్యగురువు తప్పును విడువడు. ఎనిమిదవ మాత్రను మింగిన కాలిని ఆపి, మరల ఒకటినుండి ఎత్తించును. కాని ఒక్క పూట ఒక్క తప్పునే దిద్దును. దిద్దునపుడు కాలిని గూర్చి మాటాడునే గాని మనిషిని గూర్చి మాటాడడు. తప్పును దిద్దుట వేరు, తప్పినవానిని చిన్నబుచ్చుట వేరు. మొదటిది గురుత్వము, రెండవది కేవలము అధికారము.

విద్యార్థులు గ్రహింపవలసినదియు ఇందులో కలదు. పల్లేడియం నేలపై మెరసినవారెవ్వరును మెరయుచు పుట్టలేదు. ప్రతివాడును ఒకనాడు ఒకటవ మాత్రకు తప్పు కాలు కదిపినవాడే. ప్రక్కవాడు తడబడినపుడు నవ్వువాడు, తన వంతు వచ్చినపుడు తన నవ్వునకే తాను భయపడును. తరగతిలో ఒక్కడు నవ్వుట మానినచో, పదిమంది అడుగు వేయ సాహసింతురు.

తెలుగు తల్లి తన బిడ్డ తొలి అడుగులకు అరిసెలు వండినది; ఆ అడుగులు చక్కగా నున్నవని కాదు, వేసినందుకు. బడి గడప దాటిన తరువాత ఆ అరిసెలను ఆపివేయు హక్కు ఎవ్వరికిని లేదు.