సాగని పిండి హీనమైనది కాదు

గోధుమరొట్టె తెచ్చిన బాలుడు డబ్బా మూత తీసి నలుగురి నడుమ భుజించును. రాగిముద్ద తెచ్చినవాడు చాటునకు పోవును. “రాగిపిండి సాగదు, దానిలో సత్తువ లేదు” అను మాటను పెద్దల నోటనే మేము వినుచున్నాము. ఈ మాట యెంతవరకు నిజమో విచారింతము.

గుప్పెడు గోధుమపిండిని తడిపి ముద్దచేసి, అరగంట యుంచి, నీటిలో పిసికి కడిగినచో తెల్లని పిండిపదార్థము కొట్టుకొనిపోయి, రబ్బరువలె సాగు జిగటముద్ద మిగులును. దీనిపేరు గ్లూటెన్. ఇటలీ దేశస్థుడగు బెక్కారి దీనిని గూర్చి 1745లో ప్రకటించెను. అమెరికా శాస్త్రజ్ఞుడు ఆస్‌బర్న్ 1907లో గోధుమలోని మాంసకృత్తులను విభజించి చూపెను. కొన్ని నీటిలోను, కొన్ని ఉప్పునీటిలోను, గ్లియాడిన్ ఆల్కహాలు కలిపిన నీటిలోను, గ్లూటెనిన్ పలుచని క్షారములోను కరుగును. గ్లియాడిన్ వలన పిండి సాగును. గ్లూటెనిన్ వలన దానికి బిగువు కలుగును. ఈ రెండును గింజలో నిలువయుండు మాంసకృత్తులు. మొలకకొరకు తల్లిమొక్క కట్టియిచ్చిన సద్దిమూటలు.

రాగిపిండిని అట్లే కడిగినచో జిగటముద్ద మిగులదు. అంతమాత్రమున దానిలో మాంసకృత్తులు లేవనరాదు. మనకు సమీపముననే, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో నారాయణ, నారిస్ అనువారు రాగులనుండి ఆల్కహాలులో కరుగు మాంసకృత్తును వేరుపరచి 1928లో ప్రకటించిరి. దానికి ఎల్యుసినిన్ అని పేరు. అదియు సద్దిమూటయే, జిగటవలగా అల్లుకొనదు, అంతే. సాగుట వేరు, పోషించుట వేరు.

లోపమును దాచుట మా యుద్దేశము కాదు. 100 గ్రాముల గోధుమలలో మాంసకృత్తులు సుమారు 11 గ్రాములుండగా రాగులలో 7 గ్రాములే యున్నవి. కాని రాగులలో కాల్షియము 300 మిల్లీగ్రాములకు పైగా నుండగా, గోధుమలలో 50కి లోపుగనే యున్నది. లైసీన్ అను అంశము రెండింటను తక్కువే. అది పప్పుదినుసులలో సమృద్ధిగా కలదు. పప్పులలో తక్కువగు మిథియోనిన్ రాగులలో కలదు. కనుక ముద్దతో అనపగింజల పులుసును, ఉలవచారును వడ్డించిన మన అవ్వల చేతివాటము శాస్త్రసమ్మతమే.

తల్లిదండ్రులారా! “రాగిముద్ద పేదవాని తిండి” అని పిల్లల యెదుట అనకుడు. విద్యార్థులారా! రెండు పిండులను మీరే కడిగి చూడుడు. చూచినదానిని ఇంటిలో మాటలాడు తెలుగులోనే వ్రాయుడు. గుడిబండె చేలలో వానను నమ్మి పండించిన గింజను మన భాషలో మనమే పరీక్షింపగలిగిన నాడు, డబ్బా మూత తీయుటకు ఎవడును చాటు వెదకడు.