ఖాకీ బట్టల్లో వెట్టి

హోంగార్డును సర్కారు ఉద్యోగి అనదు, స్వచ్ఛంద సేవకుడు అంటుంది. ఆయనకిచ్చేది జీతం కాదట, దినభత్యం! ఈ ఒక్క మాటను అడ్డం పెట్టుకొని దశాబ్దాలుగా వేలాది కుటుంబాల కడుపు కొడుతున్నారు.

1946లో బొంబాయిలో హోంగార్డుల దళం పుట్టినప్పుడు ఆ మాటకు అర్థముంది. కల్లోలాల వేళ పోలీసులకు తోడు నిలిచి, అది ముగిశాక తన దుకాణానికో పొలానికో తిరిగిపోయే మనిషి కోసం చేసిన ఏర్పాటది. 1962 చైనా యుద్ధం తర్వాత దేశమంతా అదే నమూనా పెట్టారు. మరి ఇవాళ? హైదరాబాద్ చౌరస్తాల్లో ఎండకు మాడుతూ ట్రాఫిక్ చూసేది హోంగార్డు. పోలీసు బండి నడిపేది హోంగార్డు. జాతర బందోబస్తుకు రాత్రంతా నిలబడేదీ ఆయనే. నెలంతా డ్యూటీ చేసే మనిషికి తిరిగిపోవడానికి దుకాణమెక్కడిది, పొలమెక్కడిది?

తెలంగాణలో 2017 డిసెంబర్‌లో నెలకు 12 వేలున్న భత్యాన్ని 20 వేలు చేస్తామని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. తర్వాత రోజుకు 921 రూపాయలదాకా వచ్చింది. 2025 జనవరి నుంచి వెయ్యి చేశారు. పెంచిన మాట నిజమే, కాదనం. అయితే కొందరు అధికారులు 2020 పీఆర్సీలో కానిస్టేబుల్ తొలి మూలవేతనం 24,280 రూపాయలని చూపించి, హోంగార్డుకే ఎక్కువ ముడుతోందని వాదిస్తారు. ఉద్యోగులైన మా పాఠకులకు ఈ గారడీ ఇట్టే అర్థమవుతుంది. మూలవేతనం మీద కరువు భత్యం, ఇంటద్దె ఏమయ్యాయి? ఏటేటా వచ్చే ఇంక్రిమెంటు ఏమైంది? కానిస్టేబుల్ స్కేలు 72,850 దాకా పోతుంది. హోంగార్డుకు స్కేలే లేదు. నిన్న చేరినోనికీ, ఇరవై ఏండ్లు చేసినోనికీ ఒకటే రోజు రేటు. ప్రమోషన్ లేదు, పింఛన్ లేదు.

2015 మార్చిలో హిమాచల్ హోంగార్డుల కేసులో సుప్రీంకోర్టు వాళ్ల సర్వీసును క్రమబద్ధం చేయడానికి ఒప్పుకోలేదు. కానీ ముప్పై రోజుల భత్యం కలిపితే పోలీసు సిబ్బందికి దక్కే కనీస వేతనానికి సమానం కావాలని చెప్పింది. తీర్పులో మొదటి ముక్క సర్కార్లకు కంఠస్థం. రెండో ముక్క దగ్గరికొచ్చేసరికి ఖజానా గుర్తొస్తుంది. భత్యం సమయానికి అందడం లేదన్న ఆవేదనతో 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో ఒక హోంగార్డు ఒంటికి నిప్పంటించుకొని ప్రాణం తీసుకున్నాడు. స్వరాష్ట్రం వచ్చిన తొమ్మిదేండ్లకు చూసిన చావు అది.

ఉద్యమంలో మన ముందు లాఠీ పట్టుకొని నిలబడ్డ ఖాకీల్లో హోంగార్డెవరో, కానిస్టేబులెవరో మనం వేరు చేసి చూడలేదు. దెబ్బ ఒకే తీరుగ తగిలింది మరి! అయినా వాళ్లూ మన ఊళ్ల పిల్లలే. ఇంటర్, డిగ్రీ చదివి కొలువు దొరకక ఆ టోపీ పెట్టుకున్నోళ్లే. కాంట్రాక్టు బతుకులుండవని ఉద్యమ వేదికల మీద విన్న మాట వాళ్లకూ వర్తించాలి.

రోజుకు ఎంత అన్నది ముఖ్యమంత్రుల దయకు వదలొద్దు. కానిస్టేబుల్ కనీస వేతనం, దాని మీది కరువు భత్యం పెరిగినప్పుడల్లా హోంగార్డు దినభత్యం దానంతటదే పెరిగేలా జీవో ఇవ్వాలి. సర్వీసును బట్టి అదనపు మొత్తం కలపాలి. సకల జనుల సమ్మెలో 42 రోజులు కొట్లాడిన ఉద్యోగ సంఘాలు తమ పీఆర్సీ డిమాండ్ల పత్రంలో దీన్ని కూడా రాయాలని అడుగుతున్నాం. హోంగార్డుకు సమ్మె చేసే దారి లేదు, డ్యూటీకి రావొద్దంటే ఆ పూటకే బతుకు ఆగమవుతుంది.