మిర్చికి ఉన్నపాటి చోటు

మా నాన్న ఏటా మిర్చి టిక్కీలు గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టేవాడు. ధర వచ్చేదాకా కాయ రంగు పోకూడదు కదా! సినిమా రీలుకి కావలసిందీ అదే. చల్లదనం, తేమ లేని గాలి. ఆపాటి చోటు మనం దానికివ్వలేదు.

1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఒక్కటీ దొరకలేదు. లీలావతిగా నటించిన సురభి కమలాబాయిని నేను ఫొటోల్లోనే చూశాను. ఆనాటి నైట్రేట్ ఫిలిం ఇట్టే అంటుకునేది. కాలనిది కుళ్లిపోయేది. పాత రీళ్లని వెండి కోసం కరిగించడమూ మామూలే. పుణెలో ప్రభుత్వం ఫిలిం ఆర్కైవ్ పెట్టింది 1964లో, అంటే ఆ టాకీ వచ్చిన 32 ఏళ్లకి!

"పోతే పోనీ, పతివ్రతల కథలేగా" అంటారు నా స్నేహితురాళ్లు. అక్కడే నా పేచీ. కథ మగవాళ్లు రాసిందే కావచ్చు. కానీ ఆ గొంతు, ఆ నడక, కెమెరా ముందు నిలబడ్డ ధైర్యం ఆమెవి. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి పేరు చరిత్ర పుస్తకాల్లో భద్రంగానే ఉంది. నటి చేసిన పని రీల్లో తప్ప ఇంకెక్కడుంటుంది?

ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో డైరెక్ట్ చేసింది. ఆమెని గొప్ప నటి అని పొగిడేవాళ్లలో ఎందరు దర్శకురాలిగా తలుచుకుంటారు? వాదించాలంటే సినిమా చేతిలో ఉండాలి. చూడని సినిమాని మెచ్చుకోనూ లేం, తిట్టనూ లేం.

మిర్చికి దొరికిన చల్లటి గది మన ముందుతరం ఆడవాళ్ల పనికి ఎందుకు దొరకదు?