కోతిబుద్ధి ఎవరిది?

"కోతులకు పొగరెక్కింది" అనే మాట ఓరుగల్లు చుట్టుపక్కల ఏ పల్లెకు వెళ్ళినా వినిపిస్తుంది. మక్కచేను చేతికి రాదు, పల్లి వేయడం మానుకున్నారు, పెంకుటింటి కప్పు నిలవదు, పిల్లల చేతిలో తినుబండారం ఉంటే భయమే. ఈ బాధ నిజమైనది. పట్టణంలో కూర్చుని జంతుప్రేమ పేరుతో దీనిని తేలిక చేసేవారితో నేను ఏకీభవించను. కానీ తప్పంతా కోతి స్వభావానిదేనని తీర్మానించి, పట్టి మరెక్కడో వదిలితే పీడ విరగడవుతుందనే వాదనతో అంతకంటే గట్టిగా విభేదిస్తాను.

స్వభావమనేది పుట్టుకతోనే పూర్తిగా నిర్ణయమైపోయేదా? మనకు దగ్గరి చుట్టమైన చింపాంజీని చూద్దాం. సెనెగల్‌లోని ఫొంగోలిలో, గడ్డిమైదానపు ఎండకు తాళలేక అవి గుహల్లో తలదాచుకుంటాయి, నీటిగుంటల్లో కూర్చుంటాయి. ఐవరీ కోస్ట్‌లోని తాయీ అడవిలో రాళ్ళతోనూ కట్టెలతోనూ గట్టి కాయలను పగలగొట్టుకుని తింటాయి. గినీలోని బోసూలో, పొలాల నడుమ చిక్కుకున్న చిన్న గుంపు బొప్పాయిలు దొంగిలించడం నేర్చుకుంది. ఈ మూడూ ఒకే ఉపజాతికి చెందినవి. తేడా అంతా అవి బతికే చోటులో ఉంది. 144 చింపాంజీ సమూహాలలో 31 రకాల ప్రవర్తనలను పరిశీలించిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. మనిషి ప్రభావం బాగా ఎక్కువగా ఉన్నచోట ఆ ప్రవర్తనలు కనిపించే అవకాశం సగటున 88 శాతం తక్కువని అది తేల్చింది. అడవి పోతే అడవిలో బతికే విద్య కూడా పోతుందన్నమాట.

ఇక మన కోతుల సంగతి. నిజానికి మనం "కోతులు" అని ఒకే గాటన కట్టేవి రెండు జాతులు. నెత్తిమీద టోపీలాంటి జుట్టు, పొడవాటి తోక ఉన్నది దక్షిణాదికే పరిమితమైన బోనెట్ కోతి. పొట్టితోక, ఎర్రటి పిర్రలు ఉన్నది ఉత్తరాది నుంచి వచ్చిన రీసస్ కోతి. ఒకప్పుడు స్థూలంగా గోదావరి వీటి మధ్య హద్దు. రీసస్ ఆ హద్దు దాటి దక్షిణానికి విస్తరిస్తూ బోనెట్ కోతిని వెనక్కు నెడుతోందని 2011లో మన దేశపు శాస్త్రజ్ఞులే ప్రకటించారు. మనిషి కోతులను పట్టి దూరాన వదలడం కూడా ఈ విస్తరణకు తోడ్పడింది. గోదావరికి ఈవల ఉన్న వరంగల్‌కు ఇది దూరపు కథ కాదు. మనం పరిష్కారమనుకుంటున్నదే సమస్యను మోసుకు తిరిగే బండి.

మర్రి, మేడి, జువ్వి, నేరేడు, తునికి, మొర్రి ఉన్న అడవిలో కోతి రోజంతా ఆకూ పండూ పురుగూ వెతుక్కుంటూ తిరగాలి. ఆ అడవి స్థానంలో మనం టేకు, జామాయిల్ వరుసలు నిలబెట్టాం. వాటిలో దానికి తినడానికి ఏముంది? మరోవైపు అడవిదారిలో కారు ఆపి అరటిపండ్లు విసురుతాం, గుడి మెట్ల మీద కొబ్బరిచిప్పలు పెడతాం, ఊరి చివర చెత్తకుప్పలు పోస్తాం. కాస్త శ్రమతో కడుపు నిండేచోటు వదిలి ఏ ప్రాణి వెళుతుంది? పైగా పుష్కలంగా తిండి దొరికే ఆడ రీసస్ కోతి ఏటా ఒక పిల్లను కనగలదు. పండు విసిరినవాడికి పుణ్యం దక్కుతుంది, పంట పోయినవాడికి అప్పు మిగులుతుంది. ఈ లెక్కను అడిగేవారే లేరు.

2015లో హరితహారం మొదలైనప్పుడు "వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె" అన్నారు. వాపస్ పోవాలంటే పోవడానికి ఒక చోటు ఉండాలన్న ఇంగితం ఆ నినాదంలో ఉంది. కానీ నాటిన ప్రతి మొక్కా కోతికి తిండి కాదు, పండ్ల చెట్టు ఒక్క ఏడాదిలో కాపుకు రాదు. 2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర గండిరామన్న హరితవనంలో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం తెరిచి సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు చేపట్టారు. మంచిదే. అయితే ఒక్క కేంద్రంతో తీరే పని కాదిది.

నా వాదన ఇది. రోడ్ల పక్కనా గుళ్ళ దగ్గరా తిండి వేయడం ఆపాలి. చెత్తకు మూత ఉండాలి. అడవిలో అడవి పండ్ల చెట్లే పెంచాలి. శస్త్రచికిత్సలు జిల్లా జిల్లాకూ రావాలి. ఆ చెట్లు కాపుకొచ్చేదాకా నష్టపోయే రైతుకు పరిహారం అందాలి, ఎందుకంటే అడవిని మార్చింది అతనొక్కడే కాదు.

విభేదించే మిత్రులు తప్పక వ్యాఖ్య రాయండి. ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పి ఆపైన తిట్టండి: మీ ఊళ్ళో పట్టి బండెక్కించిన కోతులను ఏ ఊరి పొలిమేరలో దించారు?