నడచినవాని సొత్తు

ఐర్లండులోని బాలింకాలిగునందు, లీ నది యొడ్డున, 1794లో స్థాపితమై 1903లో మూతపడిన తుపాకిమందు మిల్లుల శిథిలముల నడుమ నేడు విశాలమైన ఉద్యానవన మొకటి కలదు. కార్కు ప్రాంతమున ఉద్యోగములు చేసికొను మనవారు ఆ పాత కాలువగట్ల వెంబడి నడచుచు, తాము నడచిన దారిని చేతిగడియారమునందో ఫోనునందో నమోదు చేసికొనుచుందురు. అట్టి ఫైలు నొకదానిని ఇంటివారికి పంపగా, తెరచుకొనలేదను కారణమున, చెడిపోయినదని తలచి వారు దానిని తుడిచివేసిరని ఈ వారము విని మిక్కిలి నొచ్చుకొంటిని. ఫైలు చెడలేదు, దానికి తగిన ప్రోగ్రాము నెవ్వరును వారికి చెప్పలేదు.

నడచిన దారిని ఇట్లు ఫైలుగా దాచు జీపీఎక్స్ అను రూపము 2002లో వెలువడినది. దానిని వాడుకొనుటకు ఎవ్వరికిని రుసుము చెల్లింపనక్కరలేదు. నోట్‌ప్యాడ్ వంటి సామాన్యమైన ప్రోగ్రాముతో తెరచినను, ఒక్కొక్క బిందువునకు అక్షాంశము, రేఖాంశము, సాధారణముగా ఎత్తు, కాలము వరుసగా కానవచ్చును. బాలింకాలిగు అక్షాంశము సుమారు 51.89, రేఖాంశము సుమారు మైనస్ 8.59. గ్రీనిచ్‌కు పడమట నుండుటచేత వచ్చిన ఆ మైనస్ గుర్తును నకలు చేయువారు విడిచిపెట్టిరేని, లీ యొడ్డున సాగిన దారి జర్మనీలో కనబడును. అంకెలు రెంటిని తారుమారు చేసిరేని హిందూమహాసముద్రమున పడును. దారులను దాచు మరియొక ఫైలు రూపమైన కేఎమ్‌ఎల్‌నందు రేఖాంశమే ముందు వచ్చునని యెరుగనివారు ఈ రెండవ పొరపాటునకు లోనగుదురు. కాలము విశ్వకాలమానమున వ్రాయబడును గనుక, ఐర్లండు వేసవిలో సాయంత్రము 7 గంటలకు నడచినది 6 గంటలకని యుండును. ఇవి యేవియు ఫైలు దోషములు కావు.

పటముమీద చూడగోరువారికి క్యూజీఐఎస్, గూగుల్ ఎర్త్ ప్రో కలవు, రెండును ఉచితమే. గార్మిన్ గడియారముల ఫిట్ ఫైలు మాత్రము నోట్‌ప్యాడులో అర్థములేని గుర్తులుగా కానవచ్చును. పేరు చివరి అక్షరములను మార్చినంతమాత్రమున అది జీపీఎక్స్ కానేరదు. దానిని జీపీఎస్‌బేబెల్ అను ఉచిత ప్రోగ్రాముచే మార్పించుకొనవలెను.

ఇంత సులభమైన పనికి డబ్బు పెట్టి ప్రోగ్రాములు కొనువారిని చూచి జాలిపడుచున్నాను. తమ నడకలనన్నిటిని ఒకే కంపెనీ యాప్‌నందుంచి, నకలైనను దాచుకొననివారిని చూచి భయపడుచున్నాను. నడచినది మన కాళ్లు. ఆ దారి మన సొత్తు. రేపు ఆ కంపెనీ తలుపు మూసికొన్నచో, జీపీఎక్స్ నకలు చేతనున్నవానికి మాత్రమే ఆ దారి మిగులును.

నడకల సంగతి యట్లుండగా, పొలముల సంగతి అంతకంటె గురుతరమైనది. ఐర్లండులో 1824లో తలపెట్టబడిన సర్వే, 1846 నాటికి దేశమంతటిని మైలుకు 6 అంగుళముల పటములకెక్కించినది. అది భూమిపన్ను సరిచేయుటకై దొరతనము కొలిపించిన కొలత. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో ఆరంభమైన భూముల పునఃసర్వేయందు డ్రోనులును, ఉపగ్రహ సంకేతములను స్వీకరించు స్టేషనులును వినియోగింపబడినవి. అనగా మన రైతు గట్టుకూడ నేడు అక్షాంశ రేఖాంశముల వరుసయే. అట్టియెడ కాగితపు పటము నొకదానిని రైతు చేతిలో పెట్టి తృప్తిపడుట న్యాయము కాదు. గట్టు తగాదా వచ్చిననాడు, కార్యాలయముల చుట్టును తిరుగకుండ, చదువుకొన్న కొడుకో కూతురో ఇంటనే తెరచి చూడగల ఫైలు అతనికుండవలెను.

కావున పాఠకులకు నా విన్నపము రెండు విధములు. మీ దారుల నన్నిటిని జీపీఎక్స్ రూపమున దించుకొని, మీ యొద్దనే భద్రపరచుకొనుడు. మీ పొలము కొలతలను తెరచి చూడదగిన ఫైలుగా నిమ్మని రెవెన్యూ అధికారులను వ్రాతమూలకముగా నడుగుడు.