రెట్రో అంటే బెల్‌బాటమేనా?

మొన్న కర్నూలు నుంచి కడపకి బస్సులో పోతూ ‘డిస్కోరాజా’ (2020) పాటలు మళ్ళీ విన్నా. ఎనభైల స్టైలు కావాలంటే మనవాళ్ళు పాత పాటకి డ్రమ్స్ తగిలించి రీమిక్స్ అంటారు. తమన్ అలా కాదు, కొత్త బాణీలు కట్టి ఆనాటి గొంతులనే పిలిచాడు. ‘నువ్వు నాతో ఏమన్నావో’కి బాలు, ‘రమ్ పమ్ బమ్’కి బప్పీలహరి.

నంద్యాల దాటాక ఒక ఇయర్‌ఫోన్ మా నాయనకిచ్చా. బాలు పాట మొత్తం విని, "యా పాత సినిమాలోదిరా ఇది? ఎన్నడూ ఇన్లేదే!" అన్నాడు. ఇంతకన్నా రివ్యూ ఏం కావాలి?

బాలు అదే ఏడాది సెప్టెంబరులో పోయారు, బప్పీ 2022లో. పాతకాలం మీద నిజంగా ప్రేముంటే ఆ మనుషులు ఉండగానే పాడించుకోవాలి. పోయాక స్టేటస్‌లు పెట్టి ఏం లాభం? మీరేమంటారు?