ముందు ఎత్తు చూడాలి, తర్వాతే హోటలు

ఆల్ప్స్ పర్వతాలు అనగానే మనలో చాలామందికి సినిమా పాటలే గుర్తొస్తాయి. హీరో కోటు వేసుకుంటాడు, హీరోయిన్ మాత్రం పల్చటి చీరలో మంచు మీద వణక్కుండా నిలబడుతుంది. (ఆ అన్యాయం గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.) అందుకేనేమో, అక్కడికి స్కీయింగ్‌కు వెళ్ళాలనుకునే వాళ్ళు కూడా అందమైన ఊరు, చెక్క ఇల్లు, కిటికీలోంచి కనిపించే కొండ వెతుకుతారు. నా అభిప్రాయంలో ఇది తలకిందుల పద్ధతి. మొదట చూడవలసింది ఆ ఊరు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందన్నది.

ఆస్ట్రియాలో కిట్స్‌బ్యూల్ ఎంతో పేరున్న ఊరు. అది దాదాపు 760 మీటర్ల ఎత్తులో ఉంది. ఫ్రాన్స్‌లోని వాల్ తొరాన్స్ 2,300 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుందని మనం భూగోళశాస్త్రంలో చదివాం. లెక్క వేస్తే రెండు ఊళ్ళ మధ్య 10 డిగ్రీల తేడా. కింద వాన పడే రోజున పైన మంచు పడుతుంది. కింది ఊళ్ళలో మంచు తయారుచేసే యంత్రాలు ఉంటాయి కదా అంటారు. వాటికీ చలి కావాలి.

ఇది మనకు ఇంకా ముఖ్యం. ఎందుకంటే మన సెలవులు మన చేతిలో లేవు. చలి ప్రాంతాల విద్యాలయాల సంగతి వేరు; మిగతా వాళ్ళకు డిసెంబరు చివరి రోజులు, లేదా మార్చి పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో కొత్త తరగతి మొదలయ్యేలోపు దొరికే కొద్ది రోజులు. మంచు బాగా ఉండే ఫిబ్రవరిలో మనం పుస్తకాల ముందు ఉంటాం. డిసెంబరులో కింది ఊళ్ళకు మంచు ఇంకా సరిగా రాకపోవచ్చు, మార్చి చివర్లో కరిగిపోతూ ఉండవచ్చు. పైగా క్రిస్మస్ వారంలో ధరలు మండిపోతాయి. అందుకే నా ఓటు మార్చి చివరికి, ఎత్తైన చోటికి.

ఎత్తుకు మూల్యం ఉంది. వాల్ తొరాన్స్‌లో చెట్లు ఉండవు. మబ్బు కమ్మితే నేలా ఆకాశమూ ఒకటే తెలుపు, వాలు ఎటుందో తెలియదు. గాలి ఎక్కువైతే లిఫ్టులు ఆపేస్తారు. ఊపిరి సంగతి లేహ్‌లో చదివిన వాళ్ళను అడగండి: అక్కడ దిగగానే పరుగులు తీయనివ్వరు. 2,300 మీటర్లు లేహ్ అంత ఎత్తు కాదు, అయినా మొదటి రోజు మెల్లగా ఉండటం, నీళ్ళు బాగా తాగడం మంచిది. కొత్త మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది కాబట్టి నల్ల కళ్ళద్దాలు షోకు కోసం కాదు.

స్కీలు, బూట్లు అక్కడే అద్దెకు దొరుకుతాయి, కొనకండి. ఆ డబ్బు శిక్షకుడికి ఇవ్వండి. షెంగెన్ వీసాకు ఎలాగూ కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు, కానీ అందులో కొండ మీద నుంచి దించే ఖర్చు, స్కీయింగ్ ప్రమాదం ఉన్నాయో లేవో నాన్నగారితో చదివించండి.

ఇప్పుడు అసలు మాట. డబ్బు కింది ఊరికే సరిపోతుందంటే వెళ్ళకపోవడమే మేలు. ఎల్టీసీ విదేశాలకు రాదు, గుల్‌మార్గ్‌కు వస్తుంది. గుల్‌మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది, అంటే వాల్ తొరాన్స్ కంటే పైన! కొత్తవాళ్ళు నేర్చుకునే మెత్తని వాలులూ అక్కడున్నాయి. నిజమే, 2024 జనవరిలో గుల్‌మార్గ్ కూడా మంచు లేక ఎండు గడ్డితో కనిపించింది. స్విట్జర్లాండ్ హిమానీనదాలు 2022, 2023 రెండేళ్ళలోనే తమ పరిమాణంలో పదో వంతు పోగొట్టుకున్నాయి. ఎత్తు పూర్తి హామీ కాదు, ఉన్నవాటిలో మెరుగైన హామీ మాత్రమే.

కాబట్టి ప్రయాణాల ఏజెంటు ఫొటోలు చూపిస్తే రెండు సంఖ్యలు అడగండి: ఊరి ఎత్తు, పై లిఫ్టు ఎత్తు. జెర్మాట్ ఊరు 1,620 మీటర్ల దగ్గరే ఉన్నా లిఫ్టులు 3,880 మీటర్ల దాకా పోతాయి. కింద వాన పడినా అక్కడ రోజు వృథా కాదు. ఏజెంటుకు ఆ రెండు సంఖ్యలూ తెలియకపోతే ఇంకో ఏజెంటును చూసుకోండి.